గాసి మార్చిన మౌత్‌పీస్‌లు

బ్యాండు వాళ్లకు కోట్లు కుట్టడంలో ఒక చిక్కుంది. డ్రమ్ము కొట్టేవాడికి చంకల దగ్గర వదులుండాలి. చిన్న బాకా లాంటి కార్నెట్ ఊదేవాడికి ఛాతీ కొలత రెండుసార్లు తీయాలి, ఊపిరి వదిలి ఒకసారి, నిండా పీల్చి ఒకసారి. గాసికి మొదటిసారి కొలత తీసినప్పుడు ఆ రెండింటికీ మధ్య తేడా చూసి టేపు జారిందేమో అనుకున్నాను. మనిషి చూస్తే బక్కపలచన. చొక్కా కొక్కేనికి తగిలించినట్టే ఉంటుంది. అంత ఊపిరి ఎక్కడ దాచుకుంటాడో నాకు ఇప్పటికీ తెలీదు.

నా కుట్టు దుకాణం సాలూరు బస్టాండు వెనక సందులో ఉంది. ఎదురుగానే తాతారావు మేస్టారి బ్యాండు గది. గాసిది కొండ మీద ఎగువ గుమ్మిడివలస. ఘాట్ రోడ్డులో బస్సు దిగి కాలిబాట పట్టి పైకి నడవాలి. కుర్రతనంలో చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు దిగొచ్చేవాడట. ఒకనాడు సరుకు అమ్ముడుపోయాక ఊరికి పోకుండా బ్యాండు గది గుమ్మంలో నిలబడిపోయాడు. మరుసటి సంతకూ అంతే. తాతారావు విసుక్కుని, వాయించమని చేతికి తాళాలిచ్చాడు. కొన్నాళ్లకు కార్నెట్ ఇచ్చాడు. ఇప్పుడు గాసికి నలభై దాటాయి. మేళంలో ముందు నడిచేది అతనే.

డీజే వ్యానంటే నాకు ఒళ్లుమంట. దానికి కోటక్కర్లేదు, టోపీ అక్కర్లేదు, దర్జీ అక్కర్లేదు. సాలూరులో పెళ్లిళ్లు దాదాపు అన్నీ దాని పాలయ్యాయి. కొండ ఊళ్లకు మాత్రం అది ఎక్కలేదు, ఎక్కడానికి దారి లేదు. అందుకే మాఘం నుంచి వైశాఖం దాకా తాతారావు బ్యాండుకు కొండమీదే పని. పెళ్లివారు కాలిబాటన ఎక్కుతుంటే కార్నెట్ ముందు నడుస్తుంది. ఊరికి కిందుగా చివరి మలుపు దగ్గర గాసి ఒక పాట ఎత్తుకుంటాడు. ఫోన్లకు సిగ్నల్ అందని ఊళ్లు అవి. ఆ పాట చెవిన పడితేనే పైన ఆడవాళ్లు కాళ్లు కడిగే నీళ్లు తెచ్చి పెట్టుకుంటారు. అంత దూరం వినపడాలంటే ఊపిరి ఒక్కటే చాలదు, పెదవి కూడా బాగుండాలి.

ఈ ఏడు ఆ పెదవికే ముప్పు వచ్చింది.

మాఘం పెళ్లిళ్లు మొదలైన కొద్దిరోజులకే గాసి మా దుకాణంలో టీ తాగడం మానేశాడు. తాగమంటే, "వేడి పడట్లేదు మావా" అన్నాడు. చూస్తే పై పెదవి నడిమధ్యన ఎర్రగా చిట్లి, అంచున చిన్న పుండు. ఏమిటది అంటే మౌత్‌పీస్ ఒరుసుకుంటోందన్నాడు. మౌత్‌పీస్ అంటే కార్నెట్ కొసన పెదవికి ఆనించి ఊదే చిన్న గిన్నె. దాని అంచు పెదవికి సరిపడాలి, లోపలి లోతు ఊపిరికి సరిపడాలి. చెప్పుల లాంటిదే ఆ వ్యవహారం, ఒకడిది ఇంకొకడికి పట్టదు. కానీ గాసి అదే మౌత్‌పీస్‌తో ఏళ్ల తరబడి ఊదాడు. అప్పుడు లేని ఒరిపిడి ఇప్పుడెందుకని నేనడిగితే, "వొయిసొచ్చినాది గదా" అని తప్పుకున్నాడు.

వయసు కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. వాళ్లమ్మ, పేరు చిన్నమ్మలు, నోటి పుండుతోనే పోయింది. మా వైపు ఆడవాళ్లు చుట్టను వెలిగించిన కొసే నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి నిప్పు ఆరదు, కళ్లలో పొగ పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చిన్నమ్మలు కలుపు తీస్తూ, సోళ్లు, అంటే రాగులు, దంచుతూ, మనవళ్లను ఎత్తుకుని కూడా అలాగే కాల్చేది. అంగిట్లో పుండు లేచినప్పుడు కారం తగిలిందంది. అంబలి కూడా మింగలేని రోజు వచ్చాక విశాఖపట్నం తీసుకెళ్లారు. అప్పటికే ఆలస్యమైపోయింది. చివరి రోజుల్లో గాసి గుడ్డను నీళ్లలో ముంచి ఆమె నోట్లో పిండేవాడు. ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు నాకు. చెప్పినప్పుడు చేతిలోని గుడ్డముక్కను అలాగే పిండుతూ కూర్చున్నాడు.

గాసి జన్మలో చుట్ట ముట్టలేదు. అయినా ఆ పుండును అద్దంలో చూసుకున్నప్పుడు అతనికి కనిపించింది అమ్మ నోరే. ఆస్పత్రికి పోతే అవునంటారేమోనని భయం. అందుకని తప్పు మౌత్‌పీస్ మీదికి తోశాడు. మౌత్‌పీస్ తప్పయితే ఇంకోటి మార్చుకోవచ్చు. నాకు ఆ లెక్క అర్థమయ్యేసరికి అతను మార్చడం మొదలుపెట్టేశాడు.

తాతారావు దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. చచ్చిపోయిన వాళ్లవీ, బ్యాండు మానేసినవాళ్లవీ, పాత కార్నెట్లకు ఊడదీసినవీ మౌత్‌పీస్‌లన్నీ అందులోనే. గాసి దాన్ని నా కుట్టుమిషను బల్లమీద బోర్లించి ఒక్కొక్కటే ఊది చూశాడు. మొదట ఒక వెడల్పాటి అంచుది తీశాడు. పెదవికి మెత్తగా ఆనింది, బరువు పంచుకుంది. కానీ లోపల గిన్నె మరీ లోతు. పాట గొంగడి కప్పుకుని పాడినట్టు వచ్చింది. గది దాటితే వినపడేది కాదు. తరవాత ఒకటి, గిన్నె లోతు తక్కువ, మోత గణగణలాడింది. సందులో పోయేవాళ్లు తిరిగి చూశారు. కానీ దాని అంచు సన్నం, పై స్వరం పట్టేసరికి పుండులోకి దిగబడింది. గాసి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదే బాగున్నాది" అన్నాడు నీళ్లు తుడుచుకుంటూ.

"బాగున్నాదేటి, మూతి చీరేత్తన్నాది" అని తాతారావు దాన్ని లాక్కున్నాడు. లావుపాటి మనిషి, కోపమొస్తే మీసం వణుకుతుంది. "నువ్వు ముందు డాక్టరు కాడికెల్లు. ఇది మౌత్‌పీసు రోగం కాదు."

ఆ రోగం అనే మాట గాసికి తగిలింది. ముఖం పాలిపోయింది. మూడో మౌత్‌పీస్ ఏరుకుని, బస్సెక్కి కొండకు పోయాడు. అది మధ్యరకం, అంచూ లోతూ రెండూ పరవాలేదు. దాంతో రెండు పెళ్లిళ్లు ఊదాడు. పుండు ఇంకాస్త పెద్దదైంది.

అప్పుడు విశాఖపట్నం నుంచి ప్లాస్టిక్‌ది ఒకటి తెప్పించుకున్నాడు. పిల్లల బొమ్మలా తెల్లగా ఉంది. నేను నవ్వాను, అతను నవ్వలేదు. విచిత్రం ఏమిటంటే దాంతో ఊదిన రోజుల్లో పుండు ఎండిపోయి పొక్కు కట్టింది. గాసి మళ్లీ టీ తాగాడు. నాతో వేళాకోళమాడాడు, కోటు జేబు ఎత్తుగా కుట్టానని దెబ్బలాడాడు. నాకు ప్రాణం కుదుటపడింది. కానీ ఒక పెళ్లిలో చివరి మలుపు దగ్గర పాట ఎత్తుకుంటే పైకి వినపడలేదు. పెళ్లివారు ఊళ్లోకి వచ్చేసరికి నీళ్లు లేవు, ఎదురొచ్చేవాళ్లు లేరు. పెళ్లికొడుకు మేనమామ అలిగి కూర్చున్నాడట. తాతారావు ఆ ప్లాస్టిక్ ముక్కను దారి పక్క గెడ్డ నీళ్లలోకి విసిరేశాడు.

గాసి మళ్లీ ఇత్తడి మౌత్‌పీస్‌కు వచ్చాడు. వారం తిరక్కుండా పుండు తిరిగి లేచింది, ఈసారి చుట్టూ వాపుతో. ఇక అతను మౌత్‌పీస్‌ల మాటే ఎత్తలేదు. నా దుకాణం మెట్టుమీద కూర్చుని చేతులకేసి చూసుకున్నాడు.

"అమ్మకీ ఇలాగే మావా. మద్దెన ఒకపాలి తగ్గిపోనాది. తగ్గిపోనాదని కోడిని కోసినాం. మల్లీ వొచ్చీసినాది" అన్నాడు.

"మరి ఆస్పత్రికి నడు."

"ఎల్లి ఏటి సేత్తాను. అవునంటే ఈ పాలి పెల్లిల్లు ఎవుడు ఊత్తాడు" అన్నాడు. పెళ్లిళ్లు అతని బాధ కాదు. అవును అనే మాట వినడమే అతని బాధ. నాకు కోపమొచ్చింది. మొండిఘటమని తిట్టాను. అతను లేచి వెళ్లిపోయాడు. ఆ పూట నేను కత్తిరించిన గుడ్డ వంకర పోయింది.

తరవాతి సంతరోజు గాసి భార్య చిట్టి వచ్చింది. చిట్టి చామనఛాయ మనిషి, మాట కరుకు, నడక వేగం. పసుపు కొమ్ముల సంచి దించి గుమ్మంలో చతికిలబడి, చెంగులోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పు కొస నోట్లోకి తిప్పుకుంది. మా దగ్గర అది ఎవరూ తిరిగి చూసే సంగతి కాదు. నేనూ చూడలేదు.

"అన్నా, ఆడి మూతి సూసినావా?" అంది.

"చూశాను. నీకు చెప్పాడా?"

"సెప్పనేదు. ముసుగెట్టి తొంగుంటాడు. అంబలి సల్లారిపోయినాక తాగుతాడు. నాకు కల్లు నేవేటి?" పొగ మింగింది. "మురికి వొల్లేమోనని ఆ మౌతుపీసులన్నీ తోమీత్తన్నాను. వానలకి మొదటిది నల్లగా అయిపోనాది గదా, పెల్లిల్లకి ముందర సింతపండూ బూడిదా ఏసి తోమితే బంగారంలాగ తేలినాది. అప్పట్నించి ఆడు ఏది తెచ్చినా ఇసకేసి తోమి మరీ ఇత్తన్నాను. రోజూ. అయినా తగ్గట్నేదు. నాకు బయమేత్తంది అన్నా. మా అత్తది నానూ సూసినాను."

ఆ బయమేత్తంది అనే మాట చిట్టి నోట నేను అంతకుముందు వినలేదు. ఆమె ఎలుగుబంటిని గిన్నె మోగించి తరిమిన మనిషి. ఇద్దరూ ఒకే గుడిసెలో ఒకరికి తెలియకుండా ఒకరు వణుకుతున్నారు. నాకు జాలీ కోపం కలిసి వచ్చాయి. దుకాణం మూసేశాను. బ్యాండు గదిలో కూర్చున్న గాసిని చొక్కా పట్టుకుని లేపాను. ఒకవైపు చిట్టి, ఒకవైపు నేను. పోలీసులు పట్టుకెళ్లినట్టే తీసుకెళ్లాం.

దంతాల డాక్టరు హేమలతగారి ఆస్పత్రి మెయిన్ రోడ్డులో మందుల దుకాణం పైన. చిన్న వయసు, నెమ్మదైన గొంతు. గాసిని కుర్చీలో పడుకోబెట్టి దీపం ముఖం మీదికి లాగింది. గాసి కుర్చీ చేతులు పట్టుకున్న తీరు చూస్తే అవి ఊడొస్తాయేమోననిపించింది. చిట్టి గోడకు ఆనుకుని నిలబడింది. నేను గోడమీద పళ్ల బొమ్మ చూస్తూ దేవుళ్లందరినీ తలుచుకున్నాను.

"పుండు ఇలా వంపుగా ఉందేమిటి?" అంది డాక్టరమ్మ. "మీరేం పని చేస్తారు?"

నేను చెప్పాను. ఆ మౌత్‌పీస్ ఏదీ, చూపించండి అంది. గాసి జేబులోంచి తీసిచ్చాడు. ఆమె దాన్ని పుండుమీద ఆనీ ఆనకుండా పెట్టి చూసింది. అంచు ఎక్కడుందో పుండు అక్కడే ఉంది, వంపుకు వంపు సరిపోయింది. తరవాత దాన్ని దీపం కింద తిప్పింది.

"దీనికి పూత ఏది? ఇది ఒట్టి ఇత్తడి."

"ఎండి పూత ఉండీది" అన్నాడు గాసి.

"మరి ఏమైంది?"

చిట్టి గోడ దగ్గరనుంచి ఒకడుగు ముందుకు వేసింది. "నానే తోమీసినానమ్మా. నల్లగా ఉంటే మురికనుకున్నాను."

డాక్టరమ్మ ఆమె చెవులకేసి చూసింది. "గిల్టు దుద్దులు పూత పోయాక పెట్టుకుంటే నీ చెవి ఏమవుతుంది?"

చిట్టి చెయ్యి చెవిమీదికి పోయింది. "రసి కారుద్ది" అంది. అని, తను ఏమందో తనకే అర్థమై, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

అంతే సంగతి. ఇత్తడి కొందరి చర్మానికి పడదట. పూత ఉన్నన్నాళ్లూ గాసికి ఏమీ కాలేదు. పూత పోయిన దగ్గరనుంచీ అది అతని పెదవిని కొరుకుతూనే ఉంది. డబ్బాలోంచి ఏది తీసుకెళ్లినా చిట్టి ఇసకపెట్టి తోమింది. ఉన్న కాస్త పూతా లేచిపోయింది. ప్లాస్టిక్‌దాన్ని ఎంత తోమినా అందులో ఇత్తడి లేదు కనక పుండు మానింది. మంచి పూత ఉన్నది కొనుక్కోమని, దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చెయ్యొద్దని చెప్పి, పుండు మీద పూయడానికి ఒక మందు రాసిస్తానంది డాక్టరమ్మ. ఇది మీరనుకున్న రోగం కాదు అని రెండుసార్లు చెప్పింది. ఒకసారి చెబితే గాసి నమ్మేలా లేడు.

గాసి ముందు నవ్వాడు. తరవాత మోచేత్తో కళ్లు కప్పుకుని ఏడ్చాడు.  నేను అతన్ని ఇంకోసారి తిట్టాను. చిట్టి మాత్రం తలవంచుకుని, "నా సేతులిరిగిపోను" అని గొణుక్కుంటోంది. గాసి ఆమె చెయ్యి పట్టుకుని, "పోనీలేయే, బంగారంలాగ తోమినావు గదా" అన్నాడు.

డాక్టరమ్మ మందు రాస్తూ, "ఇంతకీ ఆ రోగమని ఎందుకనుకున్నారు?" అని అడిగింది. గాసి అమ్మ సంగతి చెప్పాడు. భయం దిగిపోయిన మనిషి కదా, గలగలా చెప్పేశాడు, ఎవరిదో కథలాగా.

"మీ ఇంట్లో ఇంకెవరైనా అడ్డపొగ కాలుస్తారా?"

"ఇదున్నాది గదమ్మా" అన్నాడు గాసి, నవ్వుతూ చిట్టిని చూపించి. "నిప్పు తింటాది ఇది."

డాక్టరమ్మ నవ్వలేదు. కలం కిందపెట్టింది. "ఇలా వచ్చి కూర్చో అమ్మా."

"నాకేటి, నాను బాగున్నాను."

"బాగున్నావని నన్ను కూడా చూడనీ."

చిట్టి కుర్చీలో కూర్చుంది. గాసి నవ్వు ఇంకా ముఖం మీద ఉంది, దాన్ని ఎప్పుడు తీసేయాలో తెలియనట్టు. డాక్టరమ్మ దీపం వంచి నోట్లోకి చూసింది. గాసిని చూసినదానికంటే చాలాసేపు చూసింది. అద్దం పుల్ల ఒకటి తీసి అంగిటి మీద తిప్పింది. "కారం తింటే మంటా?" అంది. చిట్టి తల ఊపింది.

"ఎప్పటినుంచి?"

"సోళ్లు కోసినప్పట్నించీ."

అంటే గాసి పెదవి చిట్లకముందు నుంచే. గాసి కుర్చీ దగ్గరికి వచ్చాడు. "మరి సెప్పవేటి?" అన్నాడు. గొంతు అతనిది కాదు.

"నీ మూతి సంగతి తేల్నీ అనుకున్నాను" అంది చిట్టి.

అంగిట్లో తెల్లటి మచ్చ ఉందట, మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయట. చిన్న ముక్క పరీక్షకు పంపాలంటూ అక్కడే తీసుకుంది డాక్టరమ్మ. విశాఖపట్నం నుంచి ఫలితం రావాలి, కొన్నాళ్లు పడుతుంది, అంతవరకూ ఏమీ అనలేనంది. అంతవరకూ చుట్ట ముట్టొద్దంది. మెట్లు దిగాం. వచ్చేటప్పుడు గాసి మధ్యలో ఉన్నాడు, నేనూ చిట్టీ చెరోపక్క. ఇప్పుడు మధ్యలో చిట్టి.

ఆ కొన్నాళ్లూ గాసి నా దుకాణం వదిలి కదల్లేదు. విశాఖపట్నం నుంచి మంచి వెండిపూత మౌత్‌పీస్ తెప్పించాం. గుండ్రటి అంచు, లోతు మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. పెదవి మానిపోయింది. తాతారావు ఊది చూపించమంటే ఊదాడు. పాట నిండుగా వచ్చింది, అంచు ఎక్కడా గుచ్చుకోలేదు. తాతారావు మీసం దువ్వుకుని, ఇన్నాళ్లకి నీ మూతికి తగినది దొరికినాదిరా అన్నాడు. గాసి సగంలో ఆపేసి దాన్ని గుడ్డలో చుట్టేశాడు. "నాకు దొరికితే ఏటి మేస్టారూ" అన్నాడు.

నా ఫోను మోగినప్పుడల్లా అతను తలెత్తేవాడు. కొండమీద సిగ్నల్ లేదు కనక డాక్టరమ్మకు నా నంబరే ఇచ్చాం. కోటు కొలతలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే వెధవలు నాకు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్లందర్నీ పేరుపేరునా తిట్టుకున్నాను.

చివరికి డాక్టరమ్మ రమ్మంది. కాగితం చూసి, "ఇది ఇంకా క్యాన్సర్ కాదు. కానీ ఆ దారిలో ఉంది" అంది. గాసి గోడ పట్టుకున్నాడు. "చుట్ట మానేస్తే మచ్చ వెనక్కి తగ్గొచ్చు. మానకపోతే మాత్రం నేనేమీ హామీ ఇవ్వలేను. నెలనెలా వచ్చి చూపించుకోవాలి."

బస్టాండులో గాసి చిట్టి ముందు గొంతుక్కూర్చుని ఒట్టు వేయమన్నాడు. అందరూ చూస్తున్నారు, అతనికి పట్టలేదు. చిట్టి చాలాసేపు బస్సు చక్రంకేసి చూసింది.

"ఒట్టెయ్యను" అంది. "సిన్నప్పట్నించీ ఉన్నాది నోట్లో. కలుపుకెల్తే అదే, సలేత్తే అదే, ఆకలేత్తే అదే. ఒట్టేసి తప్పితే అదొక పాపం. నాను సూత్తాను."

 బస్సు కదిలాక కిటికీలో గాసి ముఖం చూశాను. ఆస్పత్రికి వెళ్లిన మొదటి రోజుకంటే అధ్వానంగా ఉంది.

ఆ తరవాతి పెళ్లి ఎగువ గుమ్మిడివలసలోనే పడింది, చిట్టి చెల్లెలు గంగ కూతురిది. కోట్ల చేతులు సరిచేయాలన్న వంకతో నేనూ వెళ్లాను. నిజానికి ఆ ఇద్దరినీ చూడాలని వెళ్లాను. చివరి మలుపు దగ్గర గాసి పాట ఎత్తుకున్నాడు. కొండ అంతా నిండిపోయింది. అలాంటి మోత అతని కార్నెట్‌లోంచి నేను ఎప్పుడూ వినలేదు. మేం ఊళ్లోకి చేరేసరికి కాళ్లు కడిగే నీళ్లు బిందెల్లో సిద్ధంగా ఉన్నాయి. ఆడవాళ్లు ఎదురొచ్చారు. చిట్టి వాళ్లలో ఉంది, కొత్త చీరలో.

పందిట్లో బ్యాండు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. మధ్యాహ్నపు ఎండ. భోజనాలయ్యాక ఆడవాళ్లలో చుట్టలు బయటికొచ్చాయి. తవిటమ్మ అనే ముసలావిడ ఒకటి వెలిగించి, రెండు దమ్ములు లాగి, పక్కనున్న చిట్టికి అందించింది. పెళ్లిలో అందించిన చుట్ట కాదనడం వాళ్లలో మర్యాద కాదు. చిట్టి అందుకుంది.

గాసి అప్పుడు పాట మధ్యలో ఉన్నాడు. ఆపడానికి లేదు. పెళ్లికూతురు పీట దిగి నడుస్తోంది, పాట ఆగితే అడుగాగుతుంది. కార్నెట్ మీదినుంచి అతని కళ్లు చిట్టి చేతిమీదే ఉన్నాయి. నేను అతనికి ఎదురుగానే కూర్చున్నాను, అతను ఊపిరి తీసుకోవడం మరిచిపోవడం చూశాను. ఒక స్వరం పక్కకు జారింది. తాతారావు గిర్రున తిరిగి చూశాడు. గాసి అది గమనించనే లేదు. చిట్టి చుట్టను వేళ్ల మధ్య పట్టుకునే ఉంది. నిప్పు కొస పైకుంది. ఒకసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.  తరవాత ఆమె దాన్ని అటుపక్కావిడ చేతిలో పెట్టి, చెంగుతో నోరు తుడుచుకుని, పెళ్లికూతురు వెనక నడిచింది.

తవిటమ్మ ఏదో అంది, దెప్పుతున్నట్టు. చిట్టి వెనక్కి తిరగలేదు.

పొద్దు వాలేసరికి నేను బస్సుకు దిగాల్సి వచ్చింది. సాగనంపడానికి ఇద్దరూ కాలిబాట దాకా వచ్చారు. గాసి కోటు భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు, చిట్టి అతని వెనక, ఆ వెనక నేను. 

"అన్నిపాల్లు నాకేసి సూసినావేటి?" అంది చిట్టి. "పాట తప్పిపోనావు. అందరూ నవ్వినారు."

"తప్పితే తప్పినాది" అన్నాడు గాసి. నాలుగడుగులు వేసి, "సుట్ట ఒగ్గీసినావా?" అన్నాడు. వెనక్కి తిరిగి అడిగే ధైర్యం లేక దారికేసి చూస్తూ అడిగాడు.

"ఒగ్గీసినానని నానెప్పుడు సెప్పినాను. ఇయాళ కాల్సనేదు. అంతే."

గాసి నడక ఆపాడు. "మరి రేపు?"

చిట్టి అతన్ని దాటి ముందుకు వెళ్లింది.

"రేపు కూడా నాకేసి సూడు" అంది.